జుట్టు మాత్రకు హెచ్చరిక కార్డు ఏదీ?

బట్టతల మాత్ర మాట ఎత్తితే ఒకరు ‘అసలు ముట్టొద్దు’ అంటారు, ఇంకొకరు ‘లక్షల మంది వాడుతున్నారు, జనాన్ని భయపెట్టకండి’ అని కసురుతారు. ఈ కేకల్లో అసలు సంగతి మరుగున పడుతోంది. ఫినాస్టరైడ్ అనే ఈ మాత్ర వాడే మగవాళ్ల కోసం ప్యాకెట్‌లోనే ఒక హెచ్చరిక కార్డు పెట్టిస్తున్నట్టు బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2024 మేలో ప్రకటించింది. మందును నిషేధించలేదు. మనసు కుంగినా, చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చినా జుట్టు కోసం వేసుకునే 1 మిల్లీగ్రాము మాత్రను ఆపేసి డాక్టరును కలవమంది. ఆ పాటి కార్డు మెదక్‌లో మాత్ర కొనే కుర్రాడికి ఎందుకు అందకూడదు?

జుట్టు మందుకూ మనసుకూ ఏం సంబంధం అని కొట్టిపారేసేవాళ్లు అది పనిచేసే తీరు చూడాలి. ఈ మాత్ర 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైమును అడ్డుకుంటుంది. జుట్టు కుదుళ్లను బలహీనపరిచే డీహెచ్‌టీ అనే హార్మోను దానివల్ల తగ్గుతుంది. మెదడులో ఆందోళనను అణిచే అల్లోప్రెగ్నెనలోన్ తయారీకీ అదే ఎంజైము కావాలి. ఆ పదార్థాన్నే బాలింతల కుంగుబాటుకు మందుగా అమెరికా 2019లో అనుమతించింది. ఇంతమాత్రాన కారణం రుజువైపోదు. కానీ ఆత్మహత్య ఆలోచనల ప్రస్తావనను 2022లో అమెరికా లేబుల్‌లో చేర్పించింది, 2025 మేలో యూరప్ మందుల సంస్థ దాన్ని దుష్ప్రభావంగా నిర్ధారించింది. మతిమరుపు, ఆలోచన మసకబారడం వంటి ఫిర్యాదులకు ఇంత గట్టి ఆధారం ఇంకా లేదు.

ఇది అరుదే కదా అంటారు. నిజమే. యూరప్ సంస్థ పరిశీలించిన ఆత్మహత్య ఆలోచనల నివేదికలు ఫినాస్టరైడ్‌కు సంబంధించి 313, ఒక మనిషి ఏడాది వాడకాన్ని ఒకటిగా లెక్కిస్తే మొత్తం వాడకం దాదాపు 27 కోట్లు. అయినా ఆ సంస్థ కూడా 1 మిల్లీగ్రాము ప్యాకెట్లలో కార్డు ఉండాలనే తేల్చింది. అరుదైన ప్రమాదాన్ని మనిషి తనంతట తాను పోల్చుకోలేడు కాబట్టే కార్డు కావాలి. బట్టతల దిగులే అసలు కారణమన్న వాదనా ఉంది. ఆ దిగులుతోనే మినాక్సిడిల్ అనే మరో జుట్టు మందు వాడేవాళ్ల నివేదికల్లో ఇలాంటి సంకేతం కనిపించలేదని జామా డెర్మటాలజీ పత్రికలో వచ్చిన విశ్లేషణ చూపింది. ఫినాస్టరైడ్ గురించిన ప్రచారం వల్ల నివేదికలు పెరిగి ఉండొచ్చని కూడా ఆ పరిశోధకులే ఒప్పుకున్నారు. ఆ సందేహం తీరేదాకా చెప్పకుండా ఉండటం కంటే చెప్పడమే మేలు.

ఇక అన్నిటికంటే చిరాకు తెప్పించేది ‘షెడ్యూల్ హెచ్ ఉంది కదా’ అనే జవాబు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదన్న మాట స్ట్రిప్పు మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. మన ఊళ్లలో స్ట్రిప్పును కత్తెరతో కత్తిరించి అయిదారు మాత్రలు చేతిలో పెట్టే అలవాటు తెలియనిదెవరికి? కత్తిరించిన ముక్కతో ఏ కరపత్రమూ ఇంటికి రాదు. అందుకే విడిగా చేతికిచ్చే కార్డు కావాలి. అది తెలుగులో ఉండాలి, దాని మీద మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి-మానస్ నంబరు 14416 ఉండాలి. దుకాణంలో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా అది లేకుండా మాత్ర అమ్మకూడదు. కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించాలి, రాష్ట్ర శాఖ దుకాణాల్లో తనిఖీ చేయాలి. 2024 నుంచీ కళ్లెదుట ఉన్న ఉదాహరణను పట్టించుకోకపోతే, రేపు ఏ ఇంట్లోనైనా బిడ్డ పోయినప్పుడు ‘మాకు తెలియదు’ అనే హక్కు ఏ అధికారికీ ఉండదు.