గొలుసు తాకట్టు పెట్టే ముందు

"డాక్టరుగారూ! నా వయస్సు 37. ఇద్దరు పిల్లలు. ఏడాదిగా బహిష్టులో రక్తం ఎక్కువగా పోతున్నది. పదిరోజుల దాకా ఆగదు. స్కానింగు తీసి, గర్భసంచిలో చిన్న గడ్డ వుందన్నారు. తీసేస్తే పీడా వదులుతుంది, లేకపోతే క్యాన్సరు కావచ్చు అన్నారు. ప్యాకేజీ 60 వేలట. మావారు నా గొలుసు తాకట్టు పెడదామంటున్నారు. శ్రావణమాసం వెళ్లగానే చేయించుకుందామనుకుంటున్నాము. ఇంతకంటే తక్కువలో ఎక్కడైనా చేస్తారా?"

గోదావరి జిల్లా నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరమిది. ఇటువంటి సందేహం చాలామందికి వుంటుంది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

అమ్మా! తక్కువలో ఎక్కడ చేస్తారో చెబుతాను. కాని దానికి ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి వుంది. అసలు మీకు ఆ ఆపరేషను అవసరమా? అవసరం లేని ఆపరేషను పదివేలకు చేసినా దండగే. అవసరమైనదానికి అప్పుచేసినా తప్పులేదు.

2015-16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలను ఈ విషయం అడిగారు. దేశం మొత్తంమీద నూటికి ముగ్గురు గర్భసంచి తీయించుకున్నామని చెప్పారు. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి సుమారు తొమ్మిదిమంది, తెలంగాణలో సుమారు ఎనిమిదిమంది! "పిల్లలు పుట్టేశారు, ఇక ఆ సంచితో పనేముంది?" అనే మాట మన ఇళ్లలో తరచు వినబడుతుంది. తీసేయమని తామే డాక్టరును అడిగే స్త్రీలూ వున్నారు. అనవసరమైన గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శక సూత్రాలను అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది.

ఎవరికి అవసరం?

గర్భాశయానికి క్యాన్సరు వచ్చినప్పుడు, గడ్డలు బాగా పెరిగి మందులతో రక్తస్రావం అదుపులోకి రానప్పుడు, గర్భసంచి బాగా కిందికి జారి బాధపెడుతున్నప్పుడు ఆపరేషను అవసరం కావచ్చు. కాన్పు తరువాత రక్తం ఆగక ప్రాణం మీదికి వస్తే, సంచి తీసి తల్లిని బతికించవలసి వస్తుంది. అటువంటప్పుడు ఖర్చు లెక్కలు వేసుకుంటూ కూర్చోకూడదు.

కాని తెల్లబట్ట అవుతున్నదని, నడుం నొప్పిగా వున్నదని, "సంచి వాచింది", "పుండు పడింది" అన్నారని గర్భసంచి తీయించుకోనక్కరలేదు. వీటిలో చాలావాటికి మందులే చాలు.

ఇక గడ్డ సంగతి. గర్భసంచిలో వచ్చే ఫైబ్రాయిడ్ గడ్డలు చాలామంది స్త్రీలకు వుంటాయి. ఇవి క్యాన్సరు కావడం చాలా అరుదు. ముట్లుడిగాక సాధారణంగా ఇవి కుంచించుకుపోతాయి కూడా. స్కానింగులో కనిపించిన ప్రతి గడ్డనూ తీయనక్కరలేదు. క్యాన్సరు అనుమానం వుంటే పరీక్ష చేసి తేల్చుకోవాలి. గర్భాశయ ముఖద్వారానికి పాప్ స్మియర్ వుంది. సంచి లోపొర నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపవచ్చు. "కావచ్చు" అన్న ఒక్క మాటమీద ఏ అవయవాన్నీ తీయించుకోవద్దు.

మందులతో తగ్గదా?

చాలామందికి తగ్గుతుంది. ముందు కారణం తెలుసుకోవాలి. థైరాయిడ్ లోపంవల్ల కూడా బహిష్టు ఎక్కువగా కావచ్చు. రక్తంలో హీమోగ్లోబిన్ ఎంత వున్నదో చూడాలి. రక్తస్రావం తగ్గించే మాత్రలు బహిష్టు రోజుల్లో మాత్రమే వేసుకునేవి వున్నాయి. హార్మోను మాత్రలున్నాయి. గర్భసంచిలో అమర్చే హార్మోను లూపు ఒకసారి వేస్తే కనీసం అయిదేళ్లు పనిచేస్తుంది. దాని ధర కొన్నివేలు వుండవచ్చు, అయినా ఆపరేషను ఖర్చుతో పోలిస్తే అది చిన్న మొత్తమే. ఇవేవీ దుకాణంలో అడిగి కొనుక్కోవలసినవి కావు. మీ వయస్సు, బి.పి., ఇతర జబ్బులు చూసి డాక్టరే నిర్ణయించాలి. నెలల తరబడి రక్తం పోయినవారికి ఐరన్ మాత్రలు కూడా అవసరం.

బిల్లులో ఏముంటుంది?

మందులతో తగ్గక, రెండవ డాక్టరు కూడా ఆపరేషనే మార్గమని చెప్పారనుకుందాం. అప్పుడు ఖర్చు సంగతి చూద్దాం.

"ప్యాకేజీ" అన్న మాట విని అన్నీ అందులోనే వున్నాయనుకోవద్దు. ఆపరేషను చేసే డాక్టరు ఫీజు, మత్తు డాక్టరు ఫీజు, థియేటరు, గది అద్దె, మందులు - వీటిలో ఏవి వున్నాయి, ఏవి లేవు అని అడగండి. ఆపరేషనుకు ముందు చేసే పరీక్షలు, రక్తం ఎక్కించవలసివస్తే దాని ఖర్చు, తీసిన గర్భసంచిని బయాప్సీకి పంపే ఖర్చు తరచు ప్యాకేజీ బయట వుంటాయి. అనుకున్న రోజులకంటే ఎక్కువ వుండవలసివస్తే రోజుకు ఎంత? ఇవన్నీ ఒక కాగితంమీద రాయించుకోండి. ఇలా అడగడానికి మొహమాటపడనక్కరలేదు. ఒక్క మాట! బయాప్సీ ఖర్చు మాత్రం మిగుల్చుకోవద్దు. ఏ జబ్బు వున్నదో తేల్చేది అదే.

గది విషయంలో కూడా జాగ్రత్త. చాలా ఆస్పత్రుల్లో ప్రత్యేక గది తీసుకుంటే అద్దెతోపాటు డాక్టరు ఫీజు, ఇతర ఖర్చులు కూడా పెరుగుతాయి.

ఆపరేషను మూడు విధాలుగా చేస్తారు. పొట్ట కోసి చేయడం, కింది మార్గం నుంచి చేయడం, ల్యాప్రోస్కోపీ. కింది నుంచి చేయడం వీలైనవారికి పొట్టమీద కోత వుండదు, త్వరగా కోలుకుంటారు. ల్యాప్రోస్కోపీకి పరికరాల ఖర్చువల్ల బిల్లు సాధారణంగా ఎక్కువవుతుంది. "నాకు ఏది సరిపోతుంది, ఎందువల్ల?" అని అడగండి.

ఇంకో ముఖ్యమైన ప్రశ్న: "అండాశయాలు వుంచుతారా, తీసేస్తారా?" ముట్లుడగని స్త్రీకి రెండు అండాశయాలూ తీసేస్తే ఒక్కసారిగా ముట్లుడిగిన స్థితి వస్తుంది. ఒళ్లంతా ఆవిర్లు, నిద్రపట్టకపోవడం, ఎముకలు పలచబడటం, గుండెజబ్బుల ముప్పు పెరగడం - ఇవన్నీ తరువాత ఏళ్లతరబడి పెట్టవలసిన ఖర్చులే.

తక్కువలో ఎక్కడ?

జిల్లా ఆస్పత్రుల్లో, మెడికల్ కాలేజీ ఆస్పత్రుల్లో ఈ ఆపరేషను చేస్తారు. కొంతకాలం ఆగవలసి రావచ్చు. ప్రాణాపాయం లేని జబ్బుకు ఆ వ్యవధిలో మందులు వాడుతూ రక్తం పెంచుకోవచ్చు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ తెలంగాణలో ఆ పేరుతోనూ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతోనూ నడుస్తున్నది. మీ జబ్బుకు పథకం వర్తిస్తుందా, ఏ ఆస్పత్రిలో చేస్తారు అనే వివరాలు ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. చేరకముందే అడగాలి. డబ్బుకట్టి ఆపరేషను అయ్యాక కార్డు చూపిస్తే ప్రయోజనం వుండదు.

ఇంట్లో ఎవరికైనా ఇ.ఎస్.ఐ. వుంటే ఆ ఆస్పత్రికి వెళ్లవచ్చు. ఆరోగ్య బీమా వున్నవారు పాలసీ కాగితాలు తీసి చదవండి. చాలా పాలసీలు గర్భసంచి ఆపరేషనుకు మొదటి రెండేళ్లు డబ్బు ఇవ్వవు.

బిల్లులో కనిపించని ఖర్చు ఒకటి వుంది. పొట్ట కోసి చేస్తే సుమారు ఆరువారాలు బిందెలు ఎత్తడం, బరువులు మోయడం కూడదు. కూలికి, ఉద్యోగానికి వెళ్లే స్త్రీ అన్నాళ్ల సంపాదన కూడా లెక్కలో వేసుకోవాలి. ఇంట్లో వంట ఎవరు చేస్తారో ముందే అనుకోండి.

ఆలస్యం చేయకూడనిదెప్పుడు?

గంటకొక ప్యాడ్ తడిసిపోతున్నా, కళ్లు తిరిగి పడిపోతున్నా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి. ముట్లుడిగిన ఏడాది తరువాత ఒక్క చుక్క రక్తం కనిపించినా పరీక్ష చేయించుకోవలసిందే. రెండవ సలహా పేరుతో ఇటువంటివి వాయిదా వేయవద్దు.

ఉత్తరం రాసిన సోదరికి నా సలహా ఇది. హీమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. స్కానింగు రిపోర్టు వెంట తీసుకుని జిల్లా ఆస్పత్రిలో స్త్రీల వైద్యనిపుణురాలికి చూపించండి. "మందులు, లూపు వాడి చూడవచ్చా?" అని మీరే అడగండి. వాడి చూశాక కూడా తగ్గకపోతే ఆపరేషను గురించి ఆలోచించవచ్చు. అంతవరకు గొలుసు మీ మెడలోనే వుండనివ్వండి.