సగటు లెక్కలో తండాలు ఎక్కడ?

తెలంగాణలో 2018-20 లెక్క ప్రకారం లక్ష కాన్పులకి ప్రాణాలు పోగొట్టుకుంటున్న తల్లులు 43 మంది. ఉమ్మడి రాష్ట్రంలో 2001-03లో ఇదే 195. గొప్పే, కాదనను. కానీ ఆ 43ని చూపించి దేవరకొండ తండాల్లో కూడా అంతా బాగుందనేస్తేనే ఒళ్ళు మండుతుంది.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళం సర్వర్ సగటు వేగం చూసి చంకలు గుద్దుకోం. అందరికన్నా ఎక్కువసేపు ఎదురుచూసిన ఆ ఒక్క శాతం మంది సంగతేంటని చూస్తాం. తల్లుల విషయంలో ఆ పాటి ఇంగితం అక్కర్లేదా?

ఆ 43 నమూనా సర్వే అంకె. మూడేళ్ళ మరణాలు కలిపితేగానీ రాష్ట్రానికే అంకె తేలదు. ఇక చందంపేట మండలానికి ఎక్కడ తేలుతుంది?

1999లో, మళ్ళీ 2001లో ఇక్కడి లంబాడా ఆడశిశువుల అమ్మకాలు బయటపడ్డాయి. పిల్లల్ని ఎందుకు వదులుకుంటున్నారో గీతా రామస్వామి తండాల మీద చేసిన అధ్యయనం చెప్పింది. ఓలి పోయి కట్నం వచ్చిపడిన సంగతి ఏ సగటు చెబుతుందండీ?

తల్లి మరణాల సమీక్షకి కేంద్రం 2010లోనే మార్గదర్శకాలిచ్చింది. చేయాల్సిందల్లా ఆ ఇంటికెళ్ళి, వాళ్ళ భాషలో అడగటం: ఎప్పుడు బయల్దేరారు? బండి ఎప్పుడొచ్చింది? ఏ ఆసుపత్రి తిప్పి పంపింది?

చిన్న అంకెలతో గణాంకాలు రావంటారా? రానక్కర్లేదు, కారణాలొస్తే చాలు. పేర్లు తీసేసి, మండలాలవారీగా బయటపెట్టండి. అడిగొచ్చే ఆశా కార్యకర్తకి పనొక్కటే కాదు, డబ్బులు కూడా పెంచండి.