ఇస్నాపూరు వలసబిడ్డలు - కళాశాల విద్య

హైదరాబాదునుండి షోలాపురమునకు పోవు రహదారిపై పటాన్‌చెరు దాటిన పిదప ఇస్నాపూరు చౌరస్తా వచ్చును. ప్రాతఃకాలమున అచ్చట నిలిచినవారికి భారతదేశమంతయు కన్నులయెదుట నడచిపోవుచున్నట్లు తోచును. ఒరియా, భోజపురి, వంగభాష, హిందీ, మన తెలుగు ఒక్కమారే చెవినబడును. అన్నపు డబ్బాలు చేతబట్టుకొని పాశమైలారము కర్మాగారములకు పోవువా రొకవైపు, రాత్రి షిఫ్టు ముగించి రేకులగదులకు మరలువా రొకవైపు. ఈ పరిసరములలో తయారగు ఔషధములును, రసాయనములును, యంత్రసామగ్రియు దేశదేశములకు పోవుచున్నవి. వానిని తయారుచేయు చేతులు మాత్రము ఒరిస్సానుండియు, బీహారునుండియు, ఝార్ఖండునుండియు, ఉత్తరప్రదేశమునుండియు ఇచ్చటికి వచ్చినవి. ఈ చేతులవారి బిడ్డలు పదవతరగతి ముగిసిన పిదప ఎచ్చటికి పోవుచున్నారను ప్రశ్నను నేడు పాఠకుల ముందుంచుచున్నాము.

2025 జూను 30వ తేదీన పాశమైలారములోని సిగాచి కర్మాగారమున సంభవించిన విస్ఫోటనమును ఎవ్వరును మరచియుండరు. ఏబదిమందికి పైగా కార్మికు లందు అసువులు బాసిరి. దేహములను గుర్తించుటకు డి.ఎన్.ఏ. పరీక్షలు అవసరమయ్యెను. కొందరి దేహములు దొరకనే లేదు. లోపల నున్నవారెవరు, వారి ఊరేది, వారి వారసులెవరు అని అధికారులు దినములతరబడి విచారింపవలసివచ్చెను. రాష్ట్రమంతయు విలపించెను; విలపించుట ధర్మమే. కాని చనిపోయిన కూలీ ఎవరో తెలిసికొనుటకు పడిన శ్రమలో కొంతయైనను బ్రతికియున్న కూలీబిడ్డ ఎవరో తెలిసికొనుటకు మనము పడుచున్నామా?

పసితనమున ఆ బిడ్డను చట్టము కొంతవరకు కాపాడుచున్నది. 2010 ఏప్రిలు 1వ తేదీనుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టము ఆరేండ్లు మొదలు పదునాలుగేండ్లవరకు గల ప్రతిబిడ్డకును బడిలో చోటు కల్పించినది. జనన ధ్రువపత్రము లేదని త్రోసిపుచ్చరాదనియు, పాతబడి టీసీ రాలేదని ఆపరాదనియు, వయస్సునకు తగిన తరగతిలో చేర్చుకొని తక్కిన పాఠములు నేర్పవలెననియు అందు స్పష్టముగ నున్నది. ఆధారు కార్డు లేనందున బడిలో చేర్చుకొనకుండరాదని 2018 సెప్టెంబరులో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. ఇటుకబట్టీలవద్ద ఒరిస్సా బిడ్డలకు వారి మాతృభాషలోనే చదువుచెప్పు పాఠశాలలు మన రాష్ట్రమున నడచినవి. పుస్తకములు ఒరిస్సానుండియే వచ్చినవి. ఇవి మనము గర్వింపదగిన కార్యములే.

అయితే ఈ రక్షణ పదునాలుగేండ్లతో ముగియుచున్నది. చిన్నతనమున ఎవ్వరును అడుగని కాగితములన్నియు కళాశాల గడపకడ ఒక్కమారే అడుగబడును. జనన ధ్రువపత్రము, వరుసగా చదివిన యేండ్ల స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, ఆదాయపత్రము, కులపత్రము, నివాసపత్రము, ఆధారు, బ్యాంకు ఖాతా. తెలంగాణమున 2016నుండి డిగ్రీ ప్రవేశములు ‘దోస్త్’ అను అంతర్జాల పద్ధతిన జరుగుచున్నవి. ఆధారుతో జతపడిన ఫోను సంఖ్య యుండిననే అందు సులభముగ అడుగుపెట్టవచ్చును. తండ్రి ఆధారునకు జతపడిన సంఖ్య ఒరిస్సాలో కొన్న సిమ్ముది. ఆ సిమ్ము ఎన్నడో పోయినది. కుమార్తె పేరు బడి రిజిస్టరులో ఒకరీతిగను, ఆధారులో మరొకరీతిగను ఉన్నది. ఇట్టి చిక్కులు చూచుటకు చిన్నవి. వానిని విప్పుటకు మీసేవకు ఒకదినము, తహశీల్దారు కార్యాలయమునకు రెండుదినములు పోవలసివచ్చును. దినకూలి పోగొట్టుకొనలేని తండ్రి మూడవదినమున బిడ్డను తనవెంట కర్మాగారమునకు తీసికొనిపోవును. ఆ బిడ్డను కళాశాల నిరాకరింపలేదు. కళాశాలవరకు ఆ బిడ్డ రానేలేదు. కావుననే ఈ నష్టము ఏ లెక్కలోనికిని ఎక్కుటలేదు.

ఇందు విచారకరమైన సంగతి మరియొకటి కలదు. ఈ బిడ్డలకు ఉపకరింపగల నియమములు ఇదివరకే యున్నవి. స్థానికుడన నెవరను ప్రశ్నకు 1974నాటి రాష్ట్రపతి ఉత్తరువు సమాధానము చెప్పినది. అర్హతపరీక్షకు ముందు నాలుగేండ్లు ఎడతెగకుండ ఈ ప్రాంతమున చదివిన విద్యార్థి స్థానికుడే. తండ్రి బలాంగీరువాడా, గయవాడా అని ఆ సూత్రము అడుగుటలేదు. తొమ్మిదవతరగతినుండి ఇంటర్మీడియటువరకు పటాన్‌చెరులో చదివిన ఒరియా బాలిక చట్టము దృష్టిలో మన బాలికయే. ఈ మాట ఆమెకు చెప్పినవారెవరు? నాలుగేండ్ల పత్రములను బడులనుండి కూర్చి యిచ్చినవారెవరు?

కులపత్రముల విషయము ఇంతకంటె క్లిష్టమైనది. దీని మూలమున నున్న తీర్పు ఒక తెలుగు విద్యార్థి వ్యాజ్యముననే వచ్చినది. తెనాలిలో జన్మించి, చిన్ననాడే ఉద్యోగియైన తండ్రివెంట బొంబాయికి పోయి, అచ్చటనే చదువుకొన్న మర్రి చంద్రశేఖరరావు వైద్యకళాశాలలో గిరిజనులకు ప్రత్యేకించిన స్థానమును కోరెను. ఒక రాష్ట్రమున షెడ్యూల్డు తెగకు చెందినవాడు మరియొక రాష్ట్రమునకు వలసపోయినపుడు ఆ హోదా అచ్చట చెల్లదని 1990లో సర్వోన్నత న్యాయస్థానము నిర్ణయించెను. నాడు బొంబాయిలో మనబిడ్డకు వర్తించిన ఆ న్యాయమే నేడు ఇస్నాపూరులో ఒరియా బిడ్డకు వర్తించుచున్నది. తీర్పును మేము ప్రశ్నించుటలేదు. అయితే దాని పర్యవసానమును విద్యార్థికి విడమరచి చెప్పువారుండవలెను.

స్వరాష్ట్రమునుండి రావలసిన సహాయము వలసవలన పోదు. పదవతరగతి తరువాతి చదువులకు షెడ్యూల్డు కులముల విద్యార్థులకిచ్చు వేతనమును వారి స్వరాష్ట్ర ప్రభుత్వమే ఈయవలెనని నియమము. కావున ఇచ్చట చదువు ఒరిస్సా దళిత విద్యార్థి భువనేశ్వరమునకు దరఖాస్తు పెట్టుకొనవలెను. తండ్రికి స్వరాష్ట్రమున నిచ్చిన పత్రమును చూపినయెడల బిడ్డకు వలసవచ్చిన రాష్ట్రపు అధికారియే కులపత్రమీయవచ్చునని కేంద్రప్రభుత్వము 1984లోనే తెలిపియున్నది. అట్టి పత్రము కేంద్రవిద్యాసంస్థలలో చెల్లును. ఇస్నాపూరునకు అనతిదూరముననే, అదే రహదారిపై కందిలో ఐ.ఐ.టి. హైదరాబాదు వెలసియున్నది. సంగారెడ్డి డిగ్రీకళాశాలలో చెల్లని పత్రము ఐ.ఐ.టి.లో చెల్లును! న్యాయవాదులకే తికమకగొలుపు ఈ సంగతిని రేకులగదిలో దీపముక్రింద చదువుకొను బాలుడు తనంతట తాను గ్రహింపవలెననుట న్యాయమా?

పరదేశములయందు మనబిడ్డలకు కష్టము వచ్చినపుడు మన మెట్లు మాటలాడితిమో ఇచ్చట జ్ఞప్తికి దెచ్చుకొనుట మంచిది. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయమును అమెరికా ప్రభుత్వము మూయించినపుడు, అందు చేరిన వందలాది తెలుగు విద్యార్థుల వీసాలు సంకటమున బడెను. కొందరి కాళ్లకు జాడతెలుపు రేడియో పట్టీలు తగిలించిరి. దేశమంతయు మండిపడెను, భారతప్రభుత్వము నిరసన తెలిపెను. విద్యార్థిని నేరస్థునివలె చూడరాదని మనమంటిమి. ఆ దేశముననే భిన్నమైన దృష్టాంతములును కలవు. అనుమతిపత్రములు లేకుండ వచ్చినవారి బిడ్డలకు ప్రభుత్వపాఠశాలల తలుపులు మూయరాదని అమెరికా సర్వోన్నత న్యాయస్థానము 1982లో టెక్సాసు వ్యాజ్యమున తీర్పుచెప్పినది. కాలిఫోర్నియా 2001లో చట్టము చేసి, తన ఉన్నతపాఠశాలలలో మూడేండ్లు చదివి ఉత్తీర్ణులైన అట్టివారికి స్థానికుల రుసుమునే వర్తింపజేసెను. బర్క్‌లీ విశ్వవిద్యాలయము వారికి సలహాలిచ్చుటకు ప్రత్యేకశాఖనే నెలకొల్పెను. పౌరులు కానివారికే అచ్చట ఇంత జరిగినది. ఇస్నాపూరు బిడ్డ భారతపౌరుడు. దేశమున ఎచ్చటనైనను నివసించు హక్కును రాజ్యాంగము 19వ అధికరణమున అతనికి ఇచ్చినది. స్వదేశమున విదేశీయునివలె తిరుగవలసిన స్థితి అతనికి ఏల రావలెను?

“మాబిడ్డలకే సీట్లు చాలుటలేదు; పరరాష్ట్రములవారిని తెచ్చి నెత్తిన పెట్టుకొందుమా?” యని కొందరడుగవచ్చును. ఈ ప్రశ్నను మేము తేలికగ త్రోసివేయము. తెలంగాణము ముల్కీ హక్కులకై పడిన వేదన మాకు తెలియును. 1919నాటి నిజాము ఫర్మానా పదునైదేండ్ల నివాసమును కోరినది, ఆ నియమమును కాలరాచి దొంగపత్రములతో ఉద్యోగములు పొందినవారిపై 1952లో విద్యార్థులు వీధులకెక్కిరి, నెత్తురు చిందినది. స్థానికరక్షణలు అట్టి త్యాగములనుండి పుట్టినవి. వానిని సడలింపుడని మేము కోరుటలేదు. నాడు యువకులు ఎదిరించినది దొంగపత్రమును. నేడు మేము ప్రస్తావించునది నిజముగా నాలుగేండ్లు చదివియు పత్రము చేతికందని బిడ్డను. దొంగపత్రమును పట్టుకొనుట ఎంత న్యాయమో నిజమైన అర్హునికి పత్రమిచ్చుట అంతే న్యాయము. అదియుగాక, తండ్రి చెమటను స్థానికసంపదగ లెక్కించి, బిడ్డ చదువును పరాయిదిగ లెక్కించుట ఏ ధర్మమునకును ఒప్పదు. మన పాలమూరు కూలీలు దేశమంతట కాలువలు త్రవ్విరి. మన నేతగాండ్రు షోలాపురమునను, భివండీలోను, సూరతులోను మగ్గములు నడపిరి. వారి బిడ్డలపట్ల పరులు ఎట్లు మెలగవలెనని కోరుదుమో అట్లే మనమును మెలగవలెను.

కావున చేయదగిన పనులు కొన్ని సూచించుచున్నాము. ఇవి బొక్కసమును కరగించునవి కావు. మొదటిది, సంగారెడ్డిలోని తారా ప్రభుత్వ కళాశాలలోను, పటాన్‌చెరు ప్రభుత్వ డిగ్రీకళాశాలలోను, ఇంటర్మీడియటు కళాశాలలలోను వలసవిద్యార్థుల సహాయమునకై ఒక బల్లయు, ఒక బాధ్యతగల ఉద్యోగియు నుండవలెను. అతనికి హిందీయో ఒరియాయో వచ్చియుండవలెను. ఏ పత్రము ఎచ్చట దొరకునో, ఏ రాష్ట్రపు వేతనమునకు ఎప్పుడు దరఖాస్తు పెట్టవలెనో అతడు చెప్పవలెను. రెండవది, ప్రవేశముల కాలమున ఒక ఆదివారమైనను తహశీల్దారు సిబ్బందియు, ఆధారు సిబ్బందియు ఇస్నాపూరునకే వచ్చి కూర్చుండవలెను. కూలీ కార్యాలయమును వెదకుకొనుచు పోవుటకంటె కార్యాలయము కూలీవద్దకు వచ్చుట మేలు. మూడవది, పత్రము ఆలస్యమైనపుడు విద్యార్థిని తాత్కాలికముగ చేర్చుకొని, పత్రము సమర్పించుటకు ఒక సంవత్సరము గడువీయవలెను. నాల్గవది, తొమ్మిదవతరగతిలో చేరిననాడే ప్రతి వలసబిడ్డ పేరు, పుట్టినతేది, తండ్రి స్వగ్రామము సరిచూచి సవరించు బాధ్యత ప్రధానోపాధ్యాయుని కప్పగింపవలెను. పదవతరగతి పత్రమున తప్పు పడినపిదప దానిని దిద్దుట గగనకుసుమమగును.

కర్మాగారముల యజమానులకును ఒక మాట. ఒరిస్సా ‘దాదన్’ కూలీల దైన్యము లోకమునకు తెలిసినపిదప 1979లో అంతర్రాష్ట్ర వలసకార్మికుల చట్టము వచ్చినది. దాని స్థానమున 2020నాటి కార్మికసంహిత 2025 నవంబరులో అమలులోనికి వచ్చినది. చట్టములు మారినను గుత్తేదారు పుస్తకమున పేరులేని కూలీ మారలేదు. కూలీకి నియామకపత్రమును, వేతనపు చీటిని ఇచ్చిన యజమాని అతని బిడ్డకు ఆదాయపత్రమునకును నివాసపత్రమునకును ఆధారము చూపినవాడగును. ఇది దానము కాదు, బాకీ.

ఇక మన కళాశాలల యువకులతో మనవి. వారానికొక సాయంకాలము ఇస్నాపూరు గదులమధ్య కూర్చుండి దరఖాస్తులు నింపుటకును, తెలుగు రాని తమ్మునికి తెలుగు, ఆంగ్లము తడబడు చెల్లెలికి ఆంగ్లము చెప్పుటకును వారు పూనుకొనిన, ప్రభుత్వము కదలుటకు ముందే సగముపని నెరవేరును. గ్రంథాలయములను, రాత్రిబడులను ఎవరి ఉత్తరువునకును వేచియుండక నెలకొల్పిన సంప్రదాయము ఈ తెలుగునేలది.

వచ్చు ప్రవేశముల ప్రకటన వెలువడునాటికి ఈ సహాయపుబల్ల పటాన్‌చెరు కళాశాలలో వేయబడియుండవలెనని మేము కోరుచున్నాము. జిల్లా కలెక్టరును, కళాశాలల ప్రిన్సిపాళ్లును, యజమానుల సంఘములును ఒక్కచో కూర్చున్నచో ఇది ఒక మధ్యాహ్నపు పని. జాతీయతయన పతాకమునకు వందనము చేయుట మాత్రమే కాదు. మన గడపకు వచ్చిన బిడ్డను “నీ వెవరవు?” అని అడిగినవారు, ఆ బిడ్డ సమాధానము వ్రాసికొనుటకు ఒక కాగితమునుకూడ ఈయవలెను.