మీ పిల్లల ఆటను టీవీ ఒప్పందం మింగకముందే

అమెరికాలో స్థిరపడిన తెలుగు తల్లిదండ్రులకూ, పిల్లల్ని అక్కడికి చదువుకు పంపబోతున్న ఇక్కడి తల్లిదండ్రులకూ ఒక సంగతి గట్టిగా చెప్పాల్సిన సమయం వచ్చింది. అక్కడి కాలేజీ ఆటల్ని టీవీ కంపెనీలు పంచుకుంటున్న తీరును ఇన్నాళ్లూ క్రీడల పేజీలో చదివి వదిలేశాం. ఇప్పుడు దాని ఖర్చు ఫీజు బిల్లులోకి దిగింది. టెన్నిస్ రాకెట్టు పట్టిన మీ అమ్మాయి, తెల్లవారకముందే ఈతకొలనులో దిగే మీ అబ్బాయి ఆశపెట్టుకున్న జట్టులోనూ చోటు తగ్గిపోతోంది. 2030కీ 2032కీ మధ్య ఇంతకంటే పెద్ద కుదుపు పొంచి ఉంది. 2026లో తొమ్మిదో గ్రేడులో చేరే పిల్లలు కాలేజీ గడప తొక్కేది సరిగ్గా 2030లోనే.

అమెరికా యూనివర్సిటీలు ఆటల కోసం కాన్ఫరెన్సులనే కూటములు కడతాయి. ఇరుగుపొరుగు రాష్ట్రాల కాలేజీలు ఏటేటా ఒకరితో ఒకరు తలపడటానికి పుట్టిన ఏర్పాటు అది. పసిఫిక్ తీరాన 1915లో మొదలైన అలాంటి కూటమే పెరిగి పెరిగి పాక్-12 అయింది. వందేళ్లు నిలిచిన ఆ కూటమి పద్నాలుగు నెలల్లో కూలిపోయింది. 2022 జూన్ 30న లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ, యూఎస్‌సీ తాము బిగ్ టెన్ అనే మరో కూటమిలోకి పోతున్నట్టు ప్రకటించాయి. ఆ ఆగస్టులోనే బిగ్ టెన్‌కు ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలతో ఏడేళ్లకు 700 కోట్ల డాలర్లు దాటిన ఒప్పందం కుదిరింది. 2023 జులైలో కొలరాడో వెళ్లిపోయింది. మిగిలినవాళ్ల ముందు ఆపిల్ పెట్టిన ప్రతిపాదన ప్రకారం, చందాదారులు పెరిగితేనే కాలేజీలకు డబ్బు పెరుగుతుంది. ఆ భరోసా చాల్లేదు. ఆగస్టు 4న ఒక్కరోజే ఆరిగన్, వాషింగ్టన్, ఆరిజోనా, ఆరిజోనా స్టేట్, యూటా తలో దారి పట్టాయి. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్, బర్కిలీలు చివరికి అట్లాంటిక్ తీరం పేరు పెట్టుకున్న ఏసీసీలో, మొదటి ఏడేళ్లు టీవీ రాబడిలో 30 శాతం వాటాకే ఒప్పుకుని చేరాయి.

చివరికి మిగిలినవి రెండే. ఒకటి ఆరిగన్ స్టేట్, రెండోది పుల్‌మన్ అనే ఊళ్లోని వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ. పుల్‌మన్ గోధుమ చేల గుట్టల నడుమ ఉన్న చిన్న పట్టణం. అక్కడ హోటళ్లు, తిండి దుకాణాలు సొంతగడ్డపై మ్యాచి జరిగే శనివారాల మీద ఆశపెట్టుకుంటాయి. కూటమి చెదిరాక టీవీ రాబడి పడిపోయింది. 2025 జూన్‌లో ఆ యూనివర్సిటీ అథ్లెటిక్స్ విభాగంలో విసిరే ఆటలు, దూకే ఆటలు తీసేసి, దూరపు పరుగుల మీదే దృష్టి పెడతామంది. పోల్ వాల్ట్ కోసం ఆ కాలేజీని ఎంచుకున్న కుర్రాడు ఏ తప్పు చేశాడు? కూటమిని విడిచి పోయింది అతను కాదు. ఒప్పందం గదిలో కూర్చున్నదీ అతను కాదు. అమెరికన్ ఫుట్‌బాల్ కోసం చేసిన టీవీ బేరానికి తన ఆట పోగొట్టుకున్నాడు.

ఈ బేరానికి తలుపు తెరుచుకున్నది 1984లో. అంతకుముందు ఏ కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచి టీవీలో ఎన్నిసార్లు రావాలో జాతీయ సంస్థ ఎన్‌సీఏఏ తేల్చేది. ఓక్లహోమా, జార్జియా యూనివర్సిటీలు కోర్టుకెక్కాయి. సుప్రీంకోర్టు 7-2 తేడాతో ఎన్‌సీఏఏ పెత్తనాన్ని కొట్టేసింది, టీవీ హక్కుల్ని కాలేజీలూ కూటములే అమ్ముకోవడానికి దారి తెరుచుకుంది. విభేదించిన ఇద్దరిలో ఒకరైన జస్టిస్ బైరన్ వైట్ స్వయంగా కొలరాడో యూనివర్సిటీ తరఫున ఆడి దేశమంతా పేరు తెచ్చుకున్న ఫుట్‌బాల్ ఆటగాడు. చదువుకు అనుబంధంగా సాగే ఆటను మామూలు వ్యాపారంలా చూడకూడదన్నది ఆయన వాదన. తీర్పు చట్టప్రకారం సరైనదే కావచ్చు. కానీ మైదానం ఎరిగిన మనిషి మాటలోని ఆందోళన ఈనాటికీ నన్ను వదలదు.

యూసీఎల్ఏలో వాలీబాల్ ఆడే ఒక అమ్మాయి వారం ఎలా గడుస్తుందో చూడండి. ఇప్పుడు ఆమె కూటమిలో న్యూజెర్సీలోని రట్గర్స్ కూడా ఉంది. ఒక వైపుకే దాదాపు 4,000 కిలోమీటర్లు. విమానంలో ఐదు గంటలకు పైనే, పైగా గడియారం మూడు గంటలు ముందుకు జరుగుతుంది. మధ్యలో కెమిస్ట్రీ ల్యాబు పోతుంది, తిరిగొచ్చేసరికి తెల్లవారుతుంది, పొద్దున్నే పరీక్ష. ఫుట్‌బాల్ జట్టుకు సీజన్‌లో పన్నెండు మ్యాచులు, అదీ ఎక్కువగా వారానికి ఒకటి. వాలీబాల్, సాఫ్ట్‌బాల్ పిల్లలకు అంతకంటే ఎన్నో ఎక్కువ. టీవీవాళ్లు డబ్బు పెట్టింది ఒక ఆట కోసం. ప్రయాణాల భారం అన్ని ఆటల పిల్లల మీదా పడింది.

ఇక డబ్బు. 2025 జూన్ 6న ఆటగాళ్లకూ ఎన్‌సీఏఏకూ మధ్య కుదిరిన ఒక రాజీకి న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఆమోదముద్ర వేశారు. దాని ప్రకారం పాత ఆటగాళ్లకు 280 కోట్ల డాలర్ల పరిహారం. ఆ జులై నుంచి ఒక్కో యూనివర్సిటీ తన ఆటగాళ్లకు మొదటి ఏడాది 2.05 కోట్ల డాలర్ల వరకు నేరుగా పంచవచ్చు. ఆటగాళ్లకు డబ్బివ్వడం న్యాయమే. వాళ్ల చెమట మీద దశాబ్దాలుగా కోచ్‌లు, టీవీలు, యూనివర్సిటీలు బాగుపడ్డాయి. ఆ డబ్బు ఎవరి జేబులోంచి తీస్తున్నారన్నదే మన ప్రశ్న. క్లెమ్‌సన్ యూనివర్సిటీ 2025లో సెమిస్టరుకు 150 డాలర్ల ఆటల ఫీజు కొత్తగా మొదలుపెట్టింది. వర్జీనియాలోని జేమ్స్ మాడిసన్‌లో విద్యార్థి కట్టే ఆటల ఫీజు ఏడాదికి 2,000 డాలర్లు దాటింది. టెనెసీ యూనివర్సిటీ ఫుట్‌బాల్ టికెట్ల మీద ఆటగాళ్ల పేరుతో పది శాతం అదనంగా వేసింది.

గుంటూరు నుంచో వరంగల్ నుంచో ఎంఎస్‌కు వెళ్లే పిల్లల సంగతి ఆలోచించండి. బ్యాంకు రుణం తీసి, పొలమో ఇల్లో తాకట్టు పెట్టి పంపుతున్నాం. బిల్లులో ట్యూషన్ కింద చిన్న అక్షరాల్లో వరస ఉంటుంది: ఆరోగ్య కేంద్రం, రవాణా, జిమ్, కొన్ని చోట్ల ఆటల విభాగం. ఆ పిల్లవాడు స్టేడియం ముఖం కూడా చూడకపోవచ్చు. ఎఫ్-1 వీసా మీద సెమిస్టరు నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. ఏడాదికి 300 డాలర్ల ఫీజంటే కెఫెటేరియాలో అతను ఎన్ని గంటలు నిలబడాలో లెక్కేసుకోండి. మంచి ఆటగాడైన విదేశీ విద్యార్థికి ఇంకో చిక్కుంది. తోటి ఆటగాళ్లు తీసుకునే డబ్బు తాను తీసుకుంటే వీసాకే ముప్పు రావచ్చు. ఎవరైనా ఆశ చూపితే ముందు వీసా లాయరును కలవాలి.

అక్కడే పుట్టి పెరుగుతున్న మన పిల్లలకు ఉన్న ముప్పు వేరు. ఆ రాజీతో పాత స్కాలర్‌షిప్ పరిమితులు పోయి, జట్టు సంఖ్యకే పరిమితి వచ్చింది. రాజీలో చేరిన కాలేజీల్లో టెన్నిస్‌కు పది మంది, గోల్ఫ్‌కు తొమ్మిది మంది, ఈతకు ముప్పై మంది. స్కాలర్‌షిప్ లేకపోయినా కష్టపడి జట్టులో నిలదొక్కుకునే పిల్లలకు చోటు కుదించుకుపోయింది. మన ఇళ్లలో పిల్లలు ఎక్కువగా ఆడేవి ఇవే. ఏళ్ల తరబడి కోచింగులకు, టోర్నమెంట్లకు పోసిన డబ్బు కాలేజీలో అక్కరకొస్తుందని నమ్ముకున్న తల్లిదండ్రులు ఆ నమ్మకాన్ని ఈరోజే మళ్లీ చూసుకోవాలి. పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లిన అమెరికా క్రీడాకారుల్లో నాలుగింట మూడొంతుల మంది కాలేజీ ఆటల్లోంచి వచ్చినవాళ్లే. ఆ మెట్టు విరిగితే వాళ్లకు ఇంకో మెట్టు లేదు.

ఇంత తొందరగా హెచ్చరించడానికి కారణం ఒప్పందాల గడువులు. బిగ్ టెన్ టీవీ ఒప్పందం 2030లో ముగుస్తుంది. బిగ్ 12 అనే మరో కూటమిది 2031లో. ఏసీసీ వదిలిపోవడానికి కట్టాల్సిన సొమ్ము ఏటా తగ్గుతూ 2030-31 నాటికి 7.5 కోట్ల డాలర్లకు దిగుతుంది, అప్పుడు పెద్ద కాలేజీలకు తలుపు దాదాపు తెరిచినట్టే. ఫుట్‌బాల్ ప్లేఆఫ్ ఒప్పందం, బాస్కెట్‌బాల్ టోర్నమెంటు ఒప్పందం రెండూ 2032 వరకే. ఇన్ని గడువులు ఒకేసారి ముంచుకొస్తుంటే కూటములు మళ్లీ చెదరవని ఏ కోచూ ఏ అధ్యక్షుడూ మాట ఇవ్వలేరు. ఇస్తే నమ్మకండి. ఇళ్లలో చూసేవాళ్లకూ ఒక మచ్చు కనిపించింది. 2025 అక్టోబరు చివర డిస్నీకీ యూట్యూబ్ టీవీకీ బేరం తెగక రెండు వారాలు యూట్యూబ్ టీవీలో డిస్నీ క్రీడా ఛానెల్ ఈఎస్‌పీఎన్ ఆగిపోయింది. నెలనెలా డబ్బు కట్టినవాళ్లే మ్యాచులు పోగొట్టుకున్నారు.

చేయగలిగింది ఉంది. స్టాన్‌ఫర్డ్ 2020 జులైలో పదకొండు ఆటలు తీసేస్తామంది. పూర్వ విద్యార్థులు, ఆటగాళ్లు గొడవకు దిగారు, 2021 మేలో ఆ నిర్ణయం వెనక్కి పోయింది. 2025లో బిగ్ టెన్ తన రాబడిలో కొంత వాటా ఇచ్చి ఒక పెట్టుబడి సంస్థ నుంచి 240 కోట్ల డాలర్లు తెచ్చుకోబోతే, మిషిగన్ పాలకమండలి సభ్యులు బహిరంగంగా ఎదురు తిరిగారు, యూఎస్‌సీ ఒప్పుకోలేదు, బేరం ఆగింది.

కాబట్టి కోచ్ మీ ఇంటికొచ్చి కూర్చున్నప్పుడు మొహమాటపడకండి. ఈ ఆట నాలుగేళ్లూ ఉంటుందని కాగితం మీద రాసిస్తారా, కూటమి మారితే మా అమ్మాయి స్కాలర్‌షిప్ నిలుస్తుందా, జట్టు కుదిస్తే ముందు ఎవర్ని తీస్తారు అని అడగండి. ఎంఎస్‌కు పంపేవాళ్లు ట్యూషన్ ఒక్కటే చూసి కాలేజీలను పోల్చకుండా, తప్పనిసరి ఫీజుల పట్టిక తెప్పించుకుని ఆటల పద్దు ఎంతో వేరుగా చూడండి. డాలస్‌లో, న్యూజెర్సీలో, అట్లాంటాలో ఓటు హక్కున్న తెలుగువాళ్లు వేల మంది ఉన్నారు. ప్రభుత్వ యూనివర్సిటీల పాలకమండలి సమావేశాలు బహిరంగంగా జరుగుతాయి, ఫీజు పెంపు తీర్మానాలు అక్కడికే వస్తాయి. తెలుగు సంఘాలు మహాసభల్లో ఒక పూట దీనికి కేటాయించి, తమ రాష్ట్రంలోని యూనివర్సిటీ ఆటల పద్దు తెప్పించి చదివించాలి, వచ్చే తీర్మానానికి ముందే తమ రాష్ట్ర శాసనసభ్యుడికి లేఖ రాయాలి.