తెరకెక్కిన కథలకూ ఒక నిలయం కావాలి

పేరుపొందిన రచన సినిమాగా మారినప్పుడు దర్శకుడు దేనిని ఉంచాడో, దేనిని వదిలాడో, ఏది కొత్తగా చేర్చాడో గమనిస్తే, ఆ కాలం ఆ రచనను ఎలా చదువుకున్నదో తెలుస్తుంది. అందువల్ల జనాదరణకు అంతగా నోచుకోని సాహిత్య చిత్రాల ప్రతులనూ పాటల పుస్తకాలనూ వెతికి కూడబెట్టేవారి తపనను వట్టి పాత వస్తువుల మోజుగా తీసిపారేయడం తగదు.

1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో గురజాడ అప్పారావు చేతనే సమూలంగా తిరగరాయబడిన ‘కన్యాశుల్కం’ 1955లో పి. పుల్లయ్య దర్శకత్వంలో, ఎన్.టి. రామారావు గిరీశంగా, సావిత్రి మధురవాణిగా తెరకెక్కింది. నాటకంలో లేని గురజాడ ‘పూర్ణమ్మ’ గేయకథను అందులో చేర్చడం వల్ల, నాటకంలో హాస్యం మాటున ఉన్న అమ్ముడుపోయిన ఆడపిల్ల దుఃఖం ప్రేక్షకుడి ఎదుటికి వచ్చింది.

ఆ చిత్రానికి దక్కిన ప్రచారం, కాళీపట్నం రామారావు కథ ఆధారంగా గుత్తా రామినీడు 1991లో తీసిన ‘యజ్ఞం’ చిత్రానికి దక్కలేదు. శ్రీకాకుళం పల్లె రచ్చబండ మీద అప్పు తగవుగా సాగి, కన్నకొడుకును తండ్రే నరికివేయడంతో ముగిసే ఆ కథకు బలమంతా సుదీర్ఘమైన వాదోపవాదాలలోనే ఉన్నది కనుక, వాటిని కెమెరా ఎలా మోసిందన్న ప్రశ్న ఆ కథ తెలిసిన ప్రతివారికీ కలుగుతుంది. సేకర్తను నడిపించేదీ అదే.

సినిమా హాళ్ల దగ్గర అమ్మిన పాటల పుస్తకం, అనగా నటీనటుల పేర్లూ, పాటల పూర్తి పాఠమూ, మిగతాది వెండితెరపై చూడమంటూ సగంలో ఆపిన కథాసంగ్రహమూ ఉండే పలుచని పొత్తం, ఫిల్మ్ ప్రతి చెడిపోయినా ఆ చిత్రానికి సాక్ష్యంగా మిగులుతుంది. అయితే నాసిరకం కాగితం మీద అచ్చయినందున అది త్వరగా పెళుసెక్కి పొడిపొడి అవుతుంది.

తెలుగు కథలను ఒకచోట చేర్చడానికి కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో కథానిలయాన్ని స్థాపించారు. తెరకెక్కిన కథల ఆనవాళ్లకూ అటువంటి ఆశ్రయం అవసరం. పాత పెట్టెలలో పాటల పుస్తకాలు, వాల్‌పోస్టర్లు, వీడియో క్యాసెట్లు ఉన్న ఉత్తరాంధ్ర పాఠకులు వాటిని తూకానికి వేయకుండా, పట్టిక రాసి, నకలు తీయించి, సమీప గ్రంథాలయానికి అందజేయాలి.