సిండెలార్‌కు అమరవీరుడి కిరీటం దేనికి?

ఆస్ట్రియా ఫుట్‌బాల్‌లో మథియాస్ సిండెలార్ పేరెత్తితే అతని గోల్స్ కంటే ముందు ఒక కథ వినిపిస్తుంది. 1938 మార్చిలో హిట్లర్ ఆస్ట్రియాను జర్మనీలో కలిపేసుకున్నాడు. ఏప్రిల్ 3న వియన్నాలోని ప్రాటర్ స్టేడియంలో ఆస్ట్రియా, జర్మనీ జట్ల మధ్య ‘విలీన’ మ్యాచ్ పెట్టారు. డ్రాగా ముగించమని పైనుంచి చెప్పారట. ముప్ఫై ఐదేళ్ల సిండెలార్ తొలి సగంలో గోల్ ముందు బంతిని కావాలనే పక్కకు కొడుతూ జర్మన్లను ఏడిపించాడట. రెండో సగంలో మాత్రం గోల్ కొట్టేశాడు. సహచరుడు కార్ల్ సెస్టా ఇంకొకటి కొట్టగానే నాజీ పెద్దలు కూర్చున్న వైపు వెళ్లి చిందులేశాడట. ఆ తర్వాత పదినెలలు తిరగకుండానే, 1939 జనవరి 23న, వియన్నాలోని ఒక ఫ్లాట్‌లో విషవాయువు సోకి చనిపోయాడు. ధిక్కరించినవాడిని నాజీలు చంపేశారన్న ముగింపు చెప్పేవాడు చెప్పకపోయినా వినేవాడి మనసులో తయారవుతుంది. ఎనభై ఏళ్లకు పైగా పుస్తకాల్లో, డాక్యుమెంటరీల్లో తిరుగుతున్న ఈ కథను పక్కన పెట్టాల్సిన సమయం వచ్చిందని నా వాదన. ఆ కథ వల్ల సిండెలార్‌కు ఒరిగిందేమీ లేదు. లాభపడింది వేరేవాళ్లు.

ముందు ఆ మ్యాచ్‌నే జల్లెడ పడదాం. నిర్వివాదంగా మిగిలేవి మూడు: తేదీ, 2-0 స్కోరు, గోల్ చేసిన ఇద్దరి పేర్లు. డ్రా చెయ్యమన్న ఆదేశం, కావాలని వదిలేసిన గోల్స్, చివరి చిందులు యుద్ధం ముగిశాక నోటికొకటి చేరుతూ పెరిగిన సంగతులు. అవి జరగలేదని రుజువు చెయ్యలేం, జరిగాయని చూపించే గట్టి ఆధారమూ లేదు. అసలు ఆ మ్యాచ్ ఎందుకు పెట్టారన్నది కథలో తరచూ జారిపోతుంది. వారం తర్వాత, ఏప్రిల్ 10న, విలీనంపై ప్రజాభిప్రాయ సేకరణ ఉంది. స్టేడియం నింపి, రెండు జట్లనూ ఒకే మైదానంలో నిలబెట్టి, పండగ వాతావరణం తేవడం ఆ ప్రచారంలో భాగం. స్కోరు ఎటు తేలినా ఆ పని నెరవేరేది, నెరవేరింది కూడా. ఆట అయ్యాక సిండెలార్‌పై నిషేధమేమీ పడలేదు. 1938 చివరి దాకా అతను తన క్లబ్ ఆస్ట్రియా వియన్నాకు ఆడుతూనే ఉన్నాడు. బహిరంగంగా తిరగబడిన మనిషి కథకు ఈ వివరం సరిపడదు కాబట్టే దాన్ని దాటేస్తుంటారు.

అమరవీరుడి ముసుగు తీసి చూస్తే కనిపించే ఆటగాడు ఏ కథకూ తీసిపోడు. 1903లో మొరావియాలోని కోజ్లోవ్‌లో పుట్టాడు. పనివెతుక్కుంటూ కుటుంబం వియన్నా వచ్చి, కార్మికులూ ఇటుక బట్టీలూ ఉండే ఫావోరిటెన్ పేటలో స్థిరపడింది. తాపీ పని చేసే తండ్రి మొదటి ప్రపంచ యుద్ధంలో ఇటలీ సరిహద్దున చనిపోయాడు. కుర్రాడు వీధుల్లో బంతి ఆడి, హెర్తా వియన్నాలో చేరి, మోకాలి ఆపరేషన్ తర్వాత జీవితాంతం ఆ కాలికి కట్టుతోనే ఆడాడు. ఎదుటివాడు తగిలితే మోకాలు పోతుందన్న జాగ్రత్త అతని ఆటనే మార్చేసింది. ఒళ్లు తగలనివ్వకుండా, బంతి తీసుకునే లోపే పక్కకు తప్పుకుని, సందు చూసుకుని జారిపోయేవాడు. బక్కపలచని ఆ ఒంటిని చూసి వియన్నా జనం ‘కాగితపు మనిషి’ అన్నారు. సెంటర్ ఫార్వర్డ్ అంటే గోల్ ముందు గుంజలా పాతుకుని నిలబడాల్సిన రోజుల్లో అతను మైదానం మధ్యకు వెనక్కి వచ్చి, కాపలావాడిని తనతో లాక్కొచ్చి, ఆ ఖాళీలోకి సహచరులకు బంతి అందించేవాడు. ఇప్పుడు ‘ఫాల్స్ నైన్’ అని పేరు పెట్టి మెచ్చుకుంటున్న పద్ధతికి అతను తొలి గురువుల్లో ఒకడు.

ఈ ఆట గాలిలోంచి రాలేదు. 1924లో వియన్నా ప్రొఫెషనల్ లీగ్ మొదలుపెట్టింది. బ్రిటన్ బయట యూరప్‌లో అదే మొదటిది. కాఫీ హౌసుల్లో రచయితలూ పాత్రికేయులూ సంగీతకారులూ ఆట గురించి వాదించుకునే నగరం అది. జాతీయ జట్టు కోచ్ హ్యూగో మైస్ల్ మొదట్లో సిండెలార్ మితిమీరిన పొట్టి పాసులను నమ్మలేక అతన్ని చాలాకాలం పక్కనపెట్టాడు. చివరకు 1931 మే 16న స్కాట్లాండ్ మీద దింపితే ఆస్ట్రియా 5-0తో గెలిచింది. వారానికే బెర్లిన్‌లో జర్మనీని 6-0తో, సెప్టెంబరులో వియన్నాలో 5-0తో ఓడించింది. 1932 ఏప్రిల్‌లో హంగరీ మీద 8-2. ‘వండర్‌టీమ్’ అన్న పేరు అలా వచ్చింది. 1932 డిసెంబరు 7న లండన్ స్టామ్‌ఫర్డ్ బ్రిడ్జ్‌లో ఇంగ్లండ్ చేతిలో 4-3తో ఓడింది గానీ, ఆ ఓటమే వాళ్ల కీర్తిని పెంచింది. సొంతగడ్డ మీద యూరప్ ఖండపు జట్లకు అప్పటిదాకా లొంగని ఇంగ్లండ్ ఆ రోజు చివరి నిమిషం దాకా గడియారం చూసుకుంటూ ఆడింది. అవతలివాళ్ల మధ్యనుంచి నడిపించుకెళ్లి సిండెలార్ కొట్టిన గోల్‌ను ఆ మ్యాచ్ రిఫరీ, బెల్జియానికి చెందిన జాన్ లాంజెనస్, తర్వాత ఏళ్ల తరబడి తలుచుకున్నాడు.

1933 సెప్టెంబరు 8 సాయంత్రం కూడా గుర్తుంచుకోవాలి. మధ్య యూరప్ క్లబ్బుల మిత్రోపా కప్ ఫైనల్ రెండో మ్యాచ్ అది. ఎదురుగా ఇటలీ ఫార్వర్డ్ మెయాజా ఆడే మిలాన్ నగర జట్టు ఆంబ్రోసియానా. తొలి మ్యాచ్‌లో 2-1తో ఓడి వచ్చిన ఆస్ట్రియా వియన్నా సొంత మైదానంలో 3-1తో గెలిచి కప్పు ఎత్తుకుంది. ఆ మూడు గోల్సూ సిండెలార్‌వే. మరుసటి ఏడు ప్రపంచకప్ సెమీఫైనల్లో అదే మిలాన్‌లో, బురదలో, ఇటలీ డిఫెండర్ మోంటీ అతన్ని అంగుళం కదలనివ్వలేదు. ఆస్ట్రియా 1-0తో ఓడింది. 43 అంతర్జాతీయ మ్యాచ్‌లు, 26 గోల్స్, రెండు మిత్రోపా కప్పులు: ఇదీ అతని ఖాతా. యూరప్ ఫుట్‌బాల్ ఆలోచననే మలుపుతిప్పిన ఈ మనిషిని 1938 నాటి ఒక్క మధ్యాహ్నానికి కుదించేస్తే, దేనికోసం అతన్ని గుర్తుపెట్టుకోవాలో అదే చెరిగిపోతుంది.

ఇక కథలో ఎవరూ మాట్లాడని అధ్యాయం ఉంది. ఆస్ట్రియాను మింగాక నాజీలు చేసిన పనుల్లో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ రద్దు ఒకటి. ఆటతో బతికేవాళ్లు రాత్రికి రాత్రి జీతం లేని అమెచ్యూర్లు అయిపోయారు. 1938లో సిండెలార్ ఫావోరిటెన్‌లోనే ఒక కాఫీ హౌస్ కొన్నాడు. దాని యజమాని లెయోపోల్డ్ డ్రిల్ యూదుడు. యూదుల దుకాణాలను బలవంతంగా చేతులు మార్పించే ఆ రోజుల్లో డ్రిల్‌కు అమ్మనని చెప్పే స్వేచ్ఛ లేదు. ఇరవై వేల మార్కులకు వ్యాపారం సిండెలార్ చేతికొచ్చింది. డ్రిల్ 1943లో థెరెసియన్‌స్టాట్ నిర్బంధంలో చనిపోయాడు. ఇవి వెలుగులోకి వచ్చాక, ఈ శతాబ్దం తొలి ఏళ్లలో, వియన్నా సెంట్రల్ శ్మశానంలో సిండెలార్‌కు ఉన్న గౌరవ సమాధి మీద వివాదం రేగింది. ఇక మరణం సంగతి. పొగగొట్టంలో లోపమే కారణమన్నది అప్పటి వివరణ. హత్య అన్నవాళ్లున్నారు, ఆత్మహత్య అన్నవాళ్లున్నారు. ఆ భవనంలో పొగగొట్టాల మీద ముందునుంచే ఫిర్యాదులున్నాయి కాబట్టి ప్రమాదమన్న మాటే నమ్మదగ్గదిగా ఉంది.

అయితే ఈ కథ ఇంత బలంగా ఎందుకు నిలిచింది? ఆస్ట్రియాకు అది కావాలి కాబట్టి. 1943 మాస్కో ప్రకటనలో మిత్రరాజ్యాలు ఆస్ట్రియాను హిట్లర్ దాడికి బలైన తొలి స్వతంత్ర దేశమన్నాయి. యుద్ధానంతర ఆస్ట్రియా ఆ మాటను పట్టుకుని దశాబ్దాలపాటు కూర్చుంది. నాజీ నేరాల్లో ఆస్ట్రియన్ల వాటాను 1991లో చాన్సలర్ ఫ్రాంజ్ వ్రానిట్స్కీ పార్లమెంటులో అంగీకరించేదాకా అధికారికంగా ఎవరూ నోరు విప్పలేదు. అందరూ ప్రేమించే ఒక ఫార్వర్డ్ నాజీల ముఖం మీద గోల్ కొట్టి చిందులేశాడంటే, దేశమంతా అతని వెనక నిలబడి నాజీలను ఎదిరించినట్టే అనిపిస్తుంది. హకోవా వియన్నా అనే యూదు క్లబ్బును మూసేసి దాని ఫలితాలన్నీ కొట్టేసినప్పుడు సాటి క్లబ్బులు ఏం చేశాయి? ఆస్ట్రియా వియన్నా తన యూదు అధ్యక్షుణ్ని ఎలా సాగనంపింది? ఈ ప్రశ్నలు అడగాల్సిన చోట ఒక చిందు అడ్డు నిలిచింది. మహాత్ముడొకడు దొరికితే మిగతావాళ్లు లెక్క అప్పజెప్పనక్కర్లేదు.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. సిండెలార్ జర్మనీ జట్టుకు ఆడనన్నది వాస్తవం కదా, అదీ కల్పనేనా అని అడగవచ్చు. కల్పన కాదు. జర్మనీ కోచ్ సెప్ హెర్బెర్గర్ పదేపదే పిలిచాడు, సిండెలార్ వయసూ గాయాలూ చెప్పి తప్పుకున్నాడు. అతని తిరస్కారంలో రాజకీయ అయిష్టం కూడా ఉందేమోనని హెర్బెర్గరే తర్వాత అన్నాడు. రెండు దేశాల ఆటగాళ్లను కలిపి కుట్టిన ఆ జర్మన్ జట్టు 1938 ప్రపంచకప్ తొలి రౌండ్‌లోనే స్విట్జర్లాండ్ చేతిలో రీప్లేలో 4-2తో ఓడి ఇంటికొచ్చింది. వెళ్తే కీర్తీ ప్రయోజనాలూ దక్కే చోట ‘రాను’ అనడం చిన్న విషయం కాదు. దాన్ని ఉన్నంత పరిమాణంలోనే లెక్కిస్తే గౌరవం నిలుస్తుంది. దానికి తుపాకీ శబ్దమూ హత్యా రహస్యమూ జోడిస్తే, మామూలు మనుషులు మామూలుగా చెయ్యగలిగిన తిరస్కారానికి విలువ లేదని మనమే తేల్చినట్టవుతుంది.

ఇంకొందరి వాదన దీనికి సరిగ్గా ఎదురుది. కాఫీ హౌస్ సంగతి తెలిశాక అతను వీరుడేమిటి, కొల్లగొట్టినవాళ్లలో ఒకడు గదా అంటారు. ఆ కొనుగోలును నేను వెనకేసుకు రాను. ధర ఇచ్చాడు గదా అనడమూ సమాధానం కాదు, ఎందుకంటే బేరమాడే వీలు ఒకవైపే ఉన్నప్పుడు ధర న్యాయం చెయ్యదు. కానీ అతన్నొక్కడినే బోనెక్కించడం కూడా పాత సౌకర్యమే. ఆటగాళ్ల జీతం తీసేసిన పాలకులు, కొల్లగొట్టిన దుకాణాలను పంచిన కార్యాలయాలు, అమ్మకాన్ని నమోదు చేసిన గుమాస్తాలు, సంతకం పెట్టించిన పార్టీ మనుషులు, ఇవేమీ పట్టించుకోకుండా కొత్త యజమాని చేతి కాఫీ తాగిన పేట జనం అందరూ ఆ లావాదేవీలో ఉన్నారు. తిలాపాపం తలా పిడికెడు అన్న మాట నిజంగా వర్తించే సందర్భం ఇది. నిన్నటి అమరవీరుణ్ని రేపటి దోషిగా మార్చితే విగ్రహం ముఖమే మారుతుంది. ఆ వ్యవస్థను నడిపినవాళ్లు ఎప్పటిలాగే తప్పించుకుంటారు.

మరి ఆటను నీతి నుంచి వేరుచేసి చూడాలా? వద్దు. రెండూ ఒకే పేజీలో ఉండాలి, కానీ ఒకదానికొకటి బదులు కాకూడదు. స్టామ్‌ఫర్డ్ బ్రిడ్జ్ గోల్ డ్రిల్ పేరును చెరపకూడదు. డ్రిల్ పేరు కూడా ఆ గోల్‌ను చెరపదు. మైదానంలో గొప్పవాడైతే బయట కూడా గొప్పవాడై ఉండాలన్న ఆశ అభిమానులది. ఆ ఆశను నిలబెట్టడానికి చరిత్రకారులు అక్కర్లేదు, కథకులు చాలు. చరిత్ర అడిగేది వేరు. సిండెలార్ గురించి ఇక రాసే ప్రతి పుస్తకమూ ప్రదర్శనా అతని ఆటను ఆటగా వివరించాలి, అతను జర్మనీకి ఆడనన్న సంగతిని ఉన్నంతే చెప్పాలి, ఆ కాఫీ హౌస్ పాత యజమాని పేరు తప్పక రాయాలి. వాటితోపాటు 1938లో ఆస్ట్రియా ఫుట్‌బాల్ సంఘాలూ క్లబ్బులూ ఎవరిని బయటికి నెట్టాయో వాటి సొంత రికార్డుల్లోంచి చెప్పాలి. ఆ చివరి పని సిండెలార్ చెయ్యలేడు. ఇన్నేళ్లూ అతన్ని ముందుపెట్టుకుని దాక్కున్న సంస్థలే అది చెయ్యాలి.