శైతాన్ డబ్బా మీద మన బహస్

పోయిన జుమ్మాకి మళ్లీ అదే తక్రీర్ విన్నాను: టీవీ హరామ్, సీరియల్ హరామ్. పక్కన కూర్చుని తలూపిన పెద్దమనిషి ఇంటికెళ్లి సెల్‌ఫోన్‌లో ఏం చూస్తాడో నాకు తెలుసు, చెప్పను.

మా చోడవరంలో ఈ బహస్ నా చిన్నప్పటిదే. దేశంలో రంగుల ప్రసారం 1982లోనే వచ్చినా మా వీధికి కలర్ టీవీ రావడానికి ఇంకో ఐదారేళ్లు పట్టింది. అందాకా బ్లాక్ అండ్ వైట్ తెరకి రంగుల ప్లాస్టిక్ షీటు తగిలించి, పైన నీలం, కింద పచ్చ చూసి మురిసిపోయాం. మొదటి కలర్ టీవీ పక్కింటి మాస్టారిది, ఒనిడా. మా దాదీ దాన్ని ‘శైతాన్ కా డబ్బా’ అనేది. ఒనిడా అడ్వర్‌టైజ్‌మెంట్‌లో నిజంగానే కొమ్ములూ తోకా ఉన్న శైతాన్ వస్తాడని మేం చెప్తే, “దేఖో, మై బోలీ థీ నా!” అని ఎంత సంబరపడిందో!

1987లో రామాయణం మొదలైంది. ఆదివారం పొద్దున మాస్టారి భార్య టీవీకి బొట్టు పెట్టి అగరొత్తులు వెలిగించేవారు. మేం చెప్పులు బయట విడిచి చాప మీద కూర్చునేవాళ్లం, ఎవరూ పొమ్మనలేదు. తర్వాత మహాభారతం. దాని మాటలు రాసింది రాహీ మాసూమ్ రజా అని నాకు చెప్పింది మాస్టారే, మన మొహల్లా కాదు. ముసల్మాన్ మహాభారతం రాయడమేంటని ఉత్తరాలొస్తే, ఆయన జిద్ పట్టి మరీ రాశారట.

1990లో టిప్పు సుల్తాన్ వచ్చింది. దాదీ కొంగు తలమీద కప్పుకుని తొలిసారి ఆ డబ్బా ముందు కూర్చుంది. కథకి ముందు ఇది కల్పితం అని ప్రకటన.

“క్యా బోల్రే బేటా?”

“కహానీ హై బోల్రే దాదీ, సచ్ నై.”

“తో టిప్పూ నై థే క్యా?”

నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రకటన మీద నాకు ఇప్పటికీ గుస్సా ఉంది. మన మీద అంతకన్నా ఎక్కువ ఉంది. టీవీ చూడాలా వద్దా అని ఇన్నేళ్లు కొట్టుకున్నాం గానీ, అందులో మన ఖిస్సా ఎవరు రాస్తున్నారని ఒక్కనాడూ అడగలేదు. మనం రాయలేదు కాబట్టే తెలుగు సినిమాలో సాయిబు ఇప్పటికీ ‘నంకీ, నిమ్కీ’ అంటూ నవ్వులపాలవుతున్నాడు. మీ ఇంట్లో ఎవరైనా అలా మాట్లాడతారా?

దీన్ సంగతేంటి భాయ్ అంటారా? బేహయాయీ వద్దంటే నేనూ మీవైపే. కానీ కలం ఎప్పుడు హరామ్ అయింది? మొదటి వహీలోనే కలం మాట ఉంది. ఒక సూరా పేరే అల్ ఖలమ్.

మా భాంజీ స్క్రిప్ట్ రాయడం నేర్చుకుంటానంది. ఇంట్లో పెద్ద హంగామా. మా ఆపా ఏడ్చింది, నిఖా ఎలా అవుతుందని. హైదరాబాద్‌కి రైలు టికెట్ నేనే తీశాను. దూల్హేభాయ్ నాతో ఇంకా మాట్లాడటం లేదు.